తూముకి తాళం

కెనడా సైన్యంతో ఎడ్మంటన్ నుంచి బయల్దేరి జూన్‌లో దిగాం, మధ్యాహ్నం రెండింటికి. అఫ్గానిస్తాన్‌లో, కాందహార్‌కి పడమట ఒక చిన్న పోస్టు. నలభై నాలుగు డిగ్రీల ఎండ, ఒంటి మీద ముప్పై కిలోల సామాను. మట్టిగోడలు, దానిమ్మ తోటలు, మధ్యలో ఒక కాలువ. సార్జెంట్ ఆర్డర్ ఒక్క ముక్కలో చెప్పాడు: "ఎన్నికలు, పోలీసులు, వ్యవసాయం. ఆర్నెల్లలో మూడూ నిలబెట్టాలి." పోలీసుల ట్రైనింగ్ నాకు పడింది.

కాలువ తూము దగ్గర రోజూ పార పట్టుకుని ఒక ముసలాయన ఉండేవాడు. ఎవరి తోటకి ఎన్ని గంటలు నీళ్ళో ఆయన చెప్పిందే. చూడగానే నాకు అర్థమైపోయింది. కరీంనగర్ దగ్గర మా తాత వాళ్ళ ఊళ్ళో చెరువు నీళ్ళు పంచే నీరటి ఉండేవాడు, అచ్చం ఇదే పని. ఇక్కడైతే రైతులంతా కూర్చుని ఏటా ఆయన్ని ఎన్నుకుంటారట.

మాతో వచ్చిన సివిలియన్ అడ్వైజర్‌కి ఆయన నచ్చలేదు. సంతకం రాదు, రిపోర్టు రాయలేడు. కొత్త నీటి కమిటీ కోసం బ్యాలట్ పెట్టించాడు. నేను కెప్టెన్ దగ్గరికి వెళ్ళా. "సర్, వీళ్ళకి ఎన్నిక ఆల్రెడీ ఉంది."

"ప్లాన్‌లో లేదు," అన్నాడు. అంతే.

మాకు కంకర సప్లై చేసే భూస్వామి గెలిచాడు. తన పాలేర్లని మా ట్రక్కుల్లోనే తెచ్చి ఓట్లు వేయించాడు. మేం పక్కన నిలబడి ఫొటోలు దిగాం, సిగ్గులేకుండా. వారం తిరక్కముందే తూముకి తాళం పడింది. కింది తోటలు ఎండడం మొదలైంది.

ముసలాయన మా గేటుకి వచ్చాడు. ఆయన మాట మా ఇంటర్‌ప్రెటర్ తల వంచుకుని చెప్పాడు: "ఎన్నుకోవడం మాకు ముందే తెలుసు. తాళం వేయడం మీరు నేర్పారు."

రేడియోలో కెప్టెన్‌ని అడిగా. "తాళం తీయించండి సర్."

"అది కమిటీ విషయం. మనం కలగజేసుకోకూడదు."

ఒళ్ళు మండిపోయింది. ఆ కమిటీని పెట్టిందెవరు మరి?

ఎడ్మంటన్ తిరిగొచ్చాక మెడల్ ఇచ్చారు. మన తెలుగువాళ్ళ పాట్‌లక్ విందుల్లో ఇప్పటికీ అంటుంటారు, "అంకుల్, మీరు అక్కడ డెమోక్రసీ కట్టొచ్చారు కదా, గ్రేట్," అని. ఏం కట్టాం? ఉన్నదాన్ని కూలగొట్టి, దానికి పేరు మార్చి వచ్చాం.

నేను అక్కణ్ణుంచి బయల్దేరే ముందురోజు మధ్యాహ్నం ముసలాయన ఆ తాళం పగలగొట్టాడు. నీళ్ళు ఎండిన తోటల్లోకి పారాయి. నేను ట్రైన్ చేసిన పోలీసులు పరుగెత్తుకొచ్చారు. ఆయన్ని మోకాళ్ళ మీద కూర్చోబెట్టారు, చేతులు వెనక్కి తిప్పారు, బేడీలు వేశారు. ఒక్క స్టెప్ తప్పలేదు. అంతా అయ్యాక వాళ్ళలో ఒకడు, కరెక్టుగానే చేశానా సర్ అన్నట్టు, నా వైపు చూసి నవ్వాడు.