విరుదునగర్ సభలో చెప్పిన మాట

జబ్బు చేసినప్పుడు చిన్నతాయికి తమిళం పోయింది.

తమిళనాడులోని నాగలాపురంలో కొన్ని ఇళ్లవాళ్లకు ఇంట్లో తెలుగు, గడప దాటితే తమిళం. చిన్నతాయి నాలుక మీద రెండూ సమానంగా ఆడేవి. కలుపు తీసే ఆడవాళ్లతో తమిళంలో పరాచికాలాడి, ఇంటికొచ్చి మొగుడు లక్ష్మణసామిని తెలుగులో తిట్టేది. రెండో కాన్పులోనూ బిడ్డ దక్కలేదు. ఆ ఏడాది ఆమె నిద్ర మానేసింది. ఎవరో తనను పిలుస్తున్నారని చెవులు మూసుకునేది. ఇంట్లో ఉన్న కుండలన్నిటికీ, చెంబులకూ, చివరికి ఉప్పు జాడీకి కూడా గుడ్డలు కట్టింది. తమిళంలో పలకరిస్తే బిత్తరపోయి చూసేది.

మదురైలో పెద్దాసుపత్రికి తీసుకెళ్లారు. తోడు వెళ్లింది సంగవి. చిన్నతాయి అక్క కూతురు, అప్పుడు పన్నెండో తరగతి. డాక్టరు తమిళంలో అడుగుతున్నాడు, చిన్నతాయి తెలుగులో ఏదో చెబుతోంది. పొంతన లేని మాటలని పక్కనున్న నర్సు రాసుకుంది.

"పొంతన లేకుండా ఏం లేదు సార్" అంది సంగవి తమిళంలో, భయపడుతూనే. "నీళ్లకుండలో మాటలు పడతాయంట. ఆ నీళ్లు తాగితే కడుపులో బిడ్డ నిలవదంట. అందుకే గుడ్డ కట్టానంటోంది."

డాక్టరు కలం పక్కన పెట్టాడు. సంగవికి కుర్చీ చూపించి, ఇక నువ్వే అడుగమ్మా అన్నాడు. ఆ మధ్యాహ్నమంతా ఆమె రెండు భాషల నడుమ కూర్చుంది. చిన్నమ్మ ఏడుస్తూ చెప్పింది, ఈమె ఏడవకుండా తిరిగి చెప్పింది. బయటికొచ్చాక మాత్రం మెట్ల మీద కూర్చుని ఏడ్చింది. నర్సింగు చదవాలని ఆ రోజే అనుకుంది.

మందులు పట్టాయి. కొన్ని నెలలకు చిన్నతాయి మామూలు మనిషయింది, తమిళమూ తిరిగొచ్చింది. సంగవి నర్సింగు ముగించి కోవిల్‌పట్టిలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో ఆడవాళ్ల వార్డులో చేరాక, చిన్నమ్మ నెలనెలా మందులకు అక్కడికే వచ్చేది. విళాత్తికుళంలో బస్సు మారి, పొద్దున్నే దిగి, డాక్టరును చూసి, మేనకోడళ్ల పిల్లలకు ఒక పొట్లం కడలై మిట్టాయి, అదే వేరుశనగ చిక్కీ, కొనుక్కుని మధ్యాహ్నం బస్సుకు వెళ్లిపోయేది. ఊళ్లో షుగరు మందులని చెప్పుకుంది. ఎవరూ అనుమానించలేదు. ఊరి ఆడవాళ్ల సంఘానికి ఆమెనే తలైవిగా, అంటే అధ్యక్షురాలిగా, ఎన్నుకున్నారు. పంచాయితీ ఆఫీసులో నిలబడి నీళ్లకొళాయి కోసం గొడవపడి గెలిచిందామె. ఆ సంగతి వార్డులో సంగవికి చెబుతూ పడీపడీ నవ్వింది.

ఆ రోజుల్లోనే ఒక ట్రస్టు ప్రకటన వచ్చింది. భాషాపరంగా మైనారిటీలైన నర్సులు మానసిక ఆరోగ్యంలో పై చదువు చదవడానికి ఫెలోషిప్. రెండేళ్ల ఎమ్మెస్సీకి అయ్యే ఖర్చంతా వాళ్లదే. తర్వాత తమ ఇంటిభాష మాట్లాడే రోగుల మధ్య పనిచేయాలి, అంతే షరతు. సంగవి ఆ ప్రకటనను తనకోసమే వేశారన్నట్టు చదువుకుంది. ఇంటర్వ్యూలో ఈ చదువే ఎందుకని అడుగుతారని తెలుసు. చెప్పడానికి ఆమె దగ్గర ఉన్నది ఒక్కటే కథ.

తర్వాతి నెల చిన్నమ్మ వచ్చినప్పుడు అడిగింది. "చిన్నమ్మా, నీకు ఒంట్లో బాగలేనప్పటి సంగతి నా సదువు ఇంటర్వ్యూలో చెప్పొచ్చునా?"

చిన్నతాయి మందుల సంచి ముడి వేసుకుంటోంది. చెయ్యి ఆగింది. "ఎవురికి?"

"ముగ్గురుంటారు. రూములోపల. బయటికి పోదు."

"నీ సదువుకు మంచిదంటే చెప్పుకో పాపా. ఊరికి మాత్రం తెలీకూడదు. ఊళ్లో నేను బాగుండాను ఇప్పుడు."

"తెలీదు చిన్నమ్మా. నేను చూసుకుంటాను."

ఇంటర్వ్యూ విరుదునగర్‌లో జరిగింది. సంగవి పేరు చెప్పకుండా, ఊరు చెప్పకుండా, కుండలకు గుడ్డలు కట్టిన ఒక మనిషి గురించి చెప్పింది. ముగ్గురిలో ఒకావిడ కళ్లు తుడుచుకుంది. ఫెలోషిప్ వచ్చింది.

మదురైలో చదువు మొదలైంది. మొదటి ఏడాదిలోనే రోగి గుట్టు గురించి పాఠం చెప్పారు. ఒకచోట చెప్పుకోమని ఇచ్చిన అనుమతి ఇంకోచోటికి చెల్లదని, ప్రతిసారీ కొత్తగా అడగాలని ప్రొఫెసరు బల్ల మీద వేలితో కొడుతూ చెప్పింది. పరీక్షలో ఆ ప్రశ్న వచ్చింది. సంగవి చాలా బాగా రాసింది.

ఏడాది చివర ట్రస్టు విరుదునగర్‌లో సభ పెట్టింది. కొత్త బ్యాచికి నర్సులు ముందుకు రావడం లేదు. పిచ్చాసుపత్రి చదువంటే ఇళ్లల్లో ఒప్పుకోవడం లేదు. ట్రస్టు పనులు చూసే బాలచందర్ సంగవికి ఫోన్ చేశాడు. "అక్కా, ఇంటర్వ్యూలో చెప్పారు కదా, ఆ కథే చెప్పండి. లెక్చర్ల కన్నా అది పనిచేస్తుంది."

చిన్నమ్మను మళ్లీ అడగాలన్న ఆలోచన రాకపోలేదు. వచ్చింది. ఫోన్ చేతిలోకి తీసుకుంది కూడా. మళ్లీ ఎందుకు ఆమెను కదిలించడం, పోయినసారి సరేనంది కదా అనుకుని పక్కన పెట్టేసింది. వెనక్కి తిరిగి చూసుకున్నప్పుడల్లా ఆ క్షణమే ఆమెకు అడ్డం నిలుస్తుంది. కాదంటుందేమోనన్న భయం వల్లే అడగలేదని ఇప్పుడు తెలుసు.

సభ నిండింది. లంగావోణీల పిల్లలు, తల్లిదండ్రులు, అరుప్పుక్కోట్టై నుంచి వచ్చిన మగ్గాల కుటుంబాలవాళ్లు. సంగవి మైకు ముందు మొదట తడబడింది. తర్వాత జనం ముఖాలు తనవైపు తిరగడం చూసింది. మాట సాగింది. మా చిన్నమ్మ అంది. నాగలాపురం అంది. ఏ కుండకు ఏ రంగు గుడ్డ కట్టిందో, ఉప్పు జాడీకి లక్ష్మణసామి కొత్త తువ్వాలు ఎలా బలైపోయిందో, చిన్నమ్మ గొంతుతోనే చెప్పింది. జనం నవ్వారు. చెడ్డ నవ్వు కాదు, తమ ఇంట్లో మనిషిని తలుచుకున్నట్టుండే నవ్వు. సంగవి కూడా నవ్వింది. చివరికి మదురై డాక్టరు కలం పక్కన పెట్టిన సంగతి చెప్పేసరికి హాలంతా చప్పట్లు మోగాయి. ఆ సాయంత్రం స్నేహితురాళ్లతో కలిసి నూనె పరోటా తింటున్నప్పుడు, ఇంత తేలికగా ఉండటం తనకు గుర్తున్నంతలో ఎప్పుడూ లేదనుకుంది.

బాలచందర్ మనుషులు ఆ మాటలన్నీ ఫోన్లో తీసి, చిన్న వీడియో చేసి పంపారు. అది గ్రూపు నుంచి గ్రూపుకు పాకింది. కొన్నాళ్లకు నాగలాపురం టీకొట్టులో సుడలైమాడన్ అనే ఆయన, మన ఊరి పిల్ల మాట్లాడుతోంది చూడండని గొప్పగా, సౌండు పెంచి పెట్టాడు. బెంచీ మీద లక్ష్మణసామి కూర్చుని ఉన్నాడు. టీ సగంలో వదిలేసి లేచొచ్చాడు.

ఊరు చిన్నతాయిని ఏమీ అనలేదు. కలుపుకు పిలవడం మానేశారు. పక్కింటావిడ ఆమె ఇచ్చిన మజ్జిగ గిన్నె తీసుకుని, తాగకుండా గోడ మీద పెట్టింది. సంఘం ఆడవాళ్లు ఇంటికొచ్చి, ఒళ్లు జాగ్రత్త చూసుకో అక్కా, తలైవి పని మేము చూసుకుంటాంలే అన్నారు. ఎంతో మర్యాదగా అన్నారు.

సంగవికి ఇదేదీ తెలియదు. ఒకసారి ఫోన్ చేస్తే చిన్నతాయి, "ఏమీ లేదు పాపా, నువ్వు సదువుకో" అని పెట్టేసింది. కోవిల్‌పట్టి ఆసుపత్రికి ఆమె రావడం మానేసింది. అక్కడి నర్సులందరూ ఆ వీడియో చూసి సంతోషపడ్డవాళ్లే. వాళ్ల ముందుకు ఏ ముఖంతో వెళ్లాలి? లక్ష్మణసామి వెళ్లి మందులు తెచ్చాడు. ఆమె వాటిని ఎరువుగుంటలో పారేసింది.

చిత్తిరై నెల ఎండల్లో ఒక మధ్యాహ్నం చిన్నతాయి ఇంట్లోంచి వెళ్లిపోయింది. నల్లరేగడి బీడుల్లో చెప్పులు లేకుండా నడిచింది. సాయంత్రానికి వైప్పారు ఏటి ఇసుకలో గొర్రెలవాళ్లకు కనిపించింది. కాళ్లు బొబ్బలెక్కాయి, పెదాలు పగిలాయి. వాళ్లు నీళ్లిస్తే తాగలేదు. సీసా మూతికి తన కొంగు చింపి చుట్టి పక్కన పెట్టింది.

తిరునెల్వేలి ఆసుపత్రికి సంగవి పరిగెత్తుకుంటూ వెళ్లింది. వారం గడిచాక చిన్నతాయి కళ్లలో తేట వచ్చింది. ఆ పొద్దున సంగవి మంచం దగ్గరికి వెళ్లి, "చిన్నమ్మా" అంది.

చిన్నతాయి ఆమెను గుర్తుపట్టింది. అందులో సందేహం లేదు. కొంచెం పక్కకు జరిగి చోటిచ్చింది. "వాంగ సిస్టర్, ఉక్కారుంగ" అంది. రండి సిస్టర్, కూర్చోండి.

సంగవి కూర్చోలేకపోయింది.

వరండాలో లక్ష్మణసామి ఆమెకు టీ ఇప్పించాడు. ఆయనకు కోపంగా మాట్లాడటం రాదు. గ్లాసు చేతిలో తిప్పుతున్నాడు.

"చిన్నాయనా, నేను చెప్పుండకూడదు."

"చెప్పినావని కాదమ్మా. ఆ ఫోను నా దగ్గర పెరుక్కుని అది శానాసార్లు చూసె. అంతా వినె. కడాసికి ఒకటే అడిగె నన్ను." ఆయన గ్లాసు కిందపెట్టాడు. "సంగవి ఏంటికి నవ్వింది, అని. నాకు చెప్పను తెలీలేదు."

సంగవికీ తెలియలేదు. హాలు నవ్వింది కాబట్టి నవ్వానని చెప్పాలా? అది నిజమే. కానీ ఆ నిజాన్ని ఎవరి ముందు పెట్టినా వాళ్లకు ఊరట కలగదు.

వీడియో తీసేయమని బాలచందర్‌ను అడిగింది. అదే రోజు తీసేశాడు. జనం ఫోన్లలో ఉన్నవి ఎవరు తీయగలరు? అతను ఒక్క మాట మాత్రం అన్నాడు. "అక్కా, మిమ్మల్ని తప్పు పట్టలేను. అది చూసే నిరోషా చేరింది. కాళీశ్వరి చేరింది. లేకపోతే ఈ ఏడు ఫెలోషిప్ ఆగిపోయేది." అబద్ధం కాదు. నిరోషా మంచి నర్సు. మగ్గాల వీధుల్లో ముసలివాళ్లు ఆమెతో తెలుగులో మనసు విప్పుతున్నారు. సంగవి ఆ సంగతి వింటే సంతోషిస్తుంది. ఆ సంతోషం గొంతు దిగదు.

చదువు ముగించి ఆమె విరుదునగర్‌లోనే చేరింది. మానసిక రోగుల గదిలో ఆమె కుర్చీ డాక్టరు పక్కనే. తమిళం మరిచిపోయిన అవ్వలు వస్తే అందరూ సంగవిని పిలుస్తారు. ఆమె వింటుంది, డాక్టరుకు చెప్పేముందు ఇది చెప్పనా అని అడుగుతుంది. వద్దంటే ఆగుతుంది. ఒక్కోసారి వైద్యానికి అవసరమైన మాటే ఆగిపోతుంది. అప్పుడు ఏది సరైనదో ఆమెకు అంతుబట్టదు. మళ్లీ మర్నాడు అడుగుతుంది.

చిన్నతాయి ఇప్పుడు బాగుంది. విళాత్తికుళం ప్రభుత్వాసుపత్రిలో మందులు తీసుకుంటుంది, తప్పకుండా వేసుకుంటుంది. సంఘానికి వేరే ఆమె తలైవి. కలుపుకు మళ్లీ పిలుస్తున్నారు. ఇంట్లో లక్ష్మణసామిని తెలుగులోనే తిడుతుంది. సెలవు దొరికినప్పుడల్లా సంగవి వెళుతుంది. చిన్నతాయి ఆకు వేసి వడ్డిస్తుంది, కొసరి పెడుతుంది, ఉద్యోగం ఎలా ఉందని అడుగుతుంది. అన్నీ తమిళంలోనే, అన్నీ మీరు అంటూనే.

మొన్న ఒక ఆదివారం వాకిట్లో మిరపకాయలు ఎండుతుంటే, సంగవి పక్కన కూర్చుని తానూ కాయలు తిరగేసింది. ఆ పూట అడిగేసింది.

"చిన్నమ్మా, నన్ను తిట్టు. తెలుగులో తిట్టు, చాలు."

చిన్నతాయి కాయలు సర్దుతూనే ఉంది. సంగవి వైపు చూసినప్పుడు ఆ చూపులో కోపం లేదు. అలసట ఉంది. చెయ్యి కొంగుకు తుడుచుకుని, కారం చేత్తో కళ్లు తుడుచుకోకండి సిస్టర్, మండుతాయి అని తమిళంలో చెప్పి, లోపలికెళ్లి చెంబుతో నీళ్లు తెచ్చి ఆమె చేతుల మీద పోసింది.

బస్సు వేళకు తోడుగా రోడ్డు దాకా వచ్చింది. విళాత్తికుళం బస్సు కిక్కిరిసి ఉంది. కిటికీలోంచి కండక్టరును పిలిచి, పట్నం నుంచి వచ్చిన సిస్టర్, దూరం వెళ్లాలి, కొంచెం సీటు చూడండని బతిమాలింది. ఎవరో లేచి చోటిచ్చారు. సంగవి కూర్చుని తిరిగి చూసేసరికి, చిన్నతాయి తలగుడ్డ సర్దుకుని చేలవైపు నడిచిపోతోంది.