కాలేజీ మంచాలకు జానెడు తక్కువ

రాజధాని కర్నూలు నుంచి హైదరాబాదుకు తరలిపోయిన రెండేళ్లకో ఏమో, నేను కాలేజీ మెట్లెక్కాను. నా చదువు రెండో తరగతితో సరి. మాది ఆళ్లగడ్డలో దూదేకే ఇల్లు. ఎవరింట్లో పెళ్లి కుదిరినా మాకు కబురొచ్చేది. మా ఆయన దూది ఏకే విల్లు భుజానికెత్తుకుంటే, నేను సూదీ దారం పట్టుకుని వెనకే పోయేదాన్ని. వాళ్ల పత్తిని వాళ్ల వసారాలోనే ఏకి, పరుపు కుట్టిచ్చి వచ్చేవాళ్లం. పిలవకుండా పోయేది లేదు. ముందే చేసిపెట్టుకుని అమ్మడం మా ఇంటా వంటా లేదు.

దొర్నిపాడు, అవుకు, ఏ ఊరైనా కాలినడకే. ఆ ఏడు మా ఆయనకు మోకాళ్లు పట్టేశాయి. ఇంట్లో కూర్చుని బతికే దారి దొరక్కపోతే, విల్లు అటకెక్కించి నేను ఒక్కదాన్నే చేలల్లోకి కూలికి పోవాలి.

ఆ దిగులుతోనే నంద్యాలలో ఒక కాలేజీ మాస్టారింట్లో పరుపు కుడుతుంటే, ఆయనే చెప్పారు. సొంతంగా వ్యాపారం పెట్టుకునేవాళ్లకు కాలేజీలో ఆదివారాలు పాఠాలు చెబుతున్నారట, కులమూ చదువూ అడగరట.

"కాలేజీకి పోయి దూది ఏకేది నేర్చుకొస్తావా?" అని మా ఆయన నవ్వాడు. నవ్వుతూనే కుంటుకుంటూ వచ్చి బస్సెక్కించాడు.

ఆ గదిలో బనగానపల్లె మామిడిపండ్ల బేరగాడు, నూనె మిల్లు పెట్టాలనుకునే పెద్ద రైతు కొడుకు, ఒక ముసలి కుమ్మరి ఉన్నారు. కుమ్మరాయన బెంచీ మీద ఇమడలేక నేల మీద బాసింపట్టు వేశాడు. మాస్టారు నాకు చెప్పిన పాఠమంతా ఒక్క ముక్కలో ఉంది.

"పిలిచేదాకా యాల కాచుకోవల్లమ్మా? ముందే చేసి పెట్టు. చూసినోళ్లే అడుగుతారు."

చెప్పి ఊరుకోలేదు. హాస్టలు పిల్లలు చెక్క మంచాల మీద చాపలేసుకుని పడుకునేవాళ్లు. ఆయన వార్డెనుతో మాట్లాడి ఆరు పరుపులు చేయమన్నారు. నచ్చితే హాస్టలు మొత్తానికీ మావే. కొలవడానికి టేపు కూడా ఇచ్చారు.

మా ఆయన హాస్టలుకొచ్చి మంచం మీద మోచేయి ఆనించి, నాలుగు మూరలన్నాడు. నేను ఇంటికొచ్చి నాలుగు మూరలు కత్తిరించాను, నా చేత్తో. మా బతుకంతా మూరలే కదా, టేపు సంచీలోనే ఉండిపోయింది. ఆయనది పొడుగు చేయి, నాది పొట్టి చేయి. పరుపులు పరిస్తే ఆరు మంచాలకూ కాళ్ల వైపు జానెడు చెక్క తేలింది.

వార్డెను తీసుకుపొమ్మన్నాడు. మా ఆయన నేల చూపులు చూస్తూ పరుపు చుట్టబోయాడు. నేను చుట్టనివ్వలేదు. సాయంత్రం దాకా గడువడిగి, హాస్టలు వరండాలో కూర్చున్నాను. టేపు మీద ఇంగ్లీషు అంకెలు నాకు రావు. అందుకే దారాన్ని మంచం పొడుగునా లాగి, రెండు కొసలా ముడేశాను. సంచీలో మిగిలిన దూదితో తగ్గినంత వెడల్పున సన్నటి దిండ్లు కుట్టి, తలవైపు పరుపు అంచుకే కలిపి కుట్టాను. పరుపును కాళ్ల వైపుకు జరిపితే మంచం నిండింది.

పిల్లలు ఒక్కొక్కరే పడుకుని చూశారు.

"దిండు జారిపోదే! మాక్కూడా ఇట్లాటివే కావల్ల సార్," అన్నారు పరుపు దొరకనివాళ్లు.

వార్డెను కూడా పడుకుని చూసి, మిగతావన్నీ అట్లాగే కుట్టమన్నాడు.

మరుసటి ఆదివారం మాస్టారు నన్ను నల్లబల్ల ముందు నిలబెట్టి, జరిగింది చెప్పమన్నారు. మూర సంగతి చెప్పగానే అందరూ నవ్వారు. ముసలి కుమ్మరి మాత్రం నా ముడుల దారం అడిగి తీసుకుని, అటూ ఇటూ తిప్పి చూశాడు.

"కుండ కొలతకు ఇట్లాటిది నాక్కూడా ఒకటియ్యి పాపా. నా కుండలు ఏ రెండూ ఒక తీరుగుండవు."

ఆ దసరాకే ఆళ్లగడ్డ బస్టాండు దగ్గర మా అంగడి తెరిచాం. ముడుల దారం గుమ్మానికి కట్టాను. మొదటిరోజు పొద్దున్నే పెళ్లివాళ్లు బండి కట్టుకుని వచ్చారు. మా ఆయన మోకాళ్లు చాపుకుని, లేవకుండానే వాళ్లకు పరుపు చూపించాడు.

"ఏం మే, మనం యాడికీ పోలే. ఊర్లే మన కాడికి వస్తాండాయి," అన్నాడు.