ఇంజను పొగా, వడియాల పిండీ

మొన్న మా కోడలు పురసవాక్కంలో బట్టలు కొనడానికి పోయి, వస్తూ వస్తూ ఒక వడియాల పాకెట్టు తెచ్చింది. అన్నీ ఒకే కొలత, ఒకే తెలుపు, అంచు విరిగింది ఒక్కటైనా లేదు. పాకెట్టుకు వేసిన రబ్బరు బ్యాండు తీసి దాచుకుంటూ, ఇంత తెల్లగా ఏ మిద్దె మీద ఎండబెట్టారని అడిగితే, వీటికి ఎండతో పనే లేదనీ, యంత్రంలో వేడిగాలి పెట్టి ఆరబెడతారనీ, బయట వాన పడుతున్నా పని ఆగదనీ చెప్పింది. మంచిదే అన్నాను గానీ ఆ పూటంతా నా మనసు ఒకచోట నిలవలేదు. అయితే ఇంక ఆకాశం కేసి చూసేవాళ్లు ఎవరు? చూడకుండానే వడియం పెట్టెయ్యొచ్చా? నా వయసు వాళ్లకు ఈ ప్రశ్న వెర్రిగా తోచదనుకుంటాను.

నేను కాపురానికి వచ్చింది పట్నంలోని వ్యాసర్పాడికి. పుత్తూరు కొండల కింది పల్లెలో మూడో తరగతితో బడి చాలించిన పిల్లను. ఇక్కడ కొండా లేదు, చేనూ లేదు. రైలు యార్డుకు ఆనుకొని వరసగా ఇళ్లు, మిద్దె ఎక్కితే పట్టాలు, పొగ, మసి. మా ఆయనకు ఆ యార్డులోనే పని. ఇంట్లో పెద్దదిక్కు మా అత్తమ్మ. నాలుకా చెయ్యీ రెండూ పొదుపే ఆమెకు. అప్పట్లో బియ్యం కార్డు మీదే వచ్చేవి గనక, అన్నానికి ఎసరు పెట్టిన ప్రతిసారీ ఒక పిడికెడు వెనక్కి తీసి కుండలో వేసేది. నాలుగు నెలలు అట్లా కూడబెడితే కొలతకు నాలుగు పడులు వచ్చేవి. ఎండాకాలంలో ఆ బియ్యంతో పెట్టిన వడియాలే ఏడాది పొడుగునా మాకు నంజుకోడానికి. కూరగాయలు కొనలేని వానాకాలంలో ఒక్కోసారి కూర కూడా అవే.

అంత పనిమంతురాలు, వడియాలు పెట్టేనాడు మాత్రం తెల్లారకముందే మిద్దె ఎక్కి, మోకాళ్లు ముడుచుకొని ఊరికే కూర్చునేది. వేలు పెట్టి గాలి చూడ్డం లేదు, ఎవర్నీ ఏమీ అడగడం లేదు. తూర్పున సముద్రం వైపు ఎరుపు ఎక్కేదాకా అట్లాగే చూసి, దిగివచ్చి వడియాలు పొయ్యమనో వద్దనో ఒక్క మాట చెప్పేది. కొత్తకోడలినైనా నాకు లోపల ఒళ్లు మండేది. ఆ అరగంటలో ఇల్లంతా ఊడ్చి నీళ్లు కూడా పట్టుకోవచ్చు గదా అనిపించేది. ఊరికే కూర్చునేవాళ్లంటే నాకు అప్పుడూ గిట్టదు, ఇప్పుడూ గిట్టదు.

పెళ్లైన రెండో ఎండాకాలంలోనే, పిండి రుబ్బి పెట్టుకున్న మర్నాడు ఆమెకు జ్వరం తగిలింది. చాప మీదినుంచి లేవలేక, పైకి పోయి చూసి రమ్మని నన్ను పంపింది. ఏం చూడాలో చెప్పలేదు. అడగడానికి నాకూ రోషం అడ్డొచ్చింది. మిద్దె ఎక్కి చూస్తే పడమటి దిక్కున నల్లగా, బరువుగా కమ్ముకొని ఉంది. మా ఊళ్లో కొండ నెత్తిన ఆ నలుపు కనిపించిందంటే ఆరేసిన బట్ట తీసేలోపు వాన మీద పడేది. పరుగున దిగివచ్చి, ఈరోజు వద్దత్తమ్మా అని చెప్పి పిండి మీద మూత పెట్టేశాను.

వాన రాలేదు. ఎనిమిదికి చూశాను, నలుపు అట్లాగే ఉంది. పదికి చూశాను, కాస్త పక్కకు జరిగి మళ్లీ చిక్కబడింది. నెత్తిన ఎండ మాత్రం మాడిపోతోంది. ఇంకాసేపట్లో కురుస్తుంది, నా మాట నిలబడుతుంది అని మొండికేసి కూర్చున్నాను. మధ్యాహ్నం మా ఆయన అన్నానికి వచ్చి, మూత తీసి చూసి, ఈ ఎండలో పిండి ఇంకా ఈడే ఉందేమని అడిగితే, మిద్దె మీదికి తీసుకుపోయి చెయ్యెత్తి చూపించాను. ఆయన కళ్లు నులుముకొని చూసి నవ్వాపుకోలేకపోయాడు.

“అది మబ్బు గాదే, మా షెడ్డులో ఇంజన్ల పొగ. అవి కురిపిస్తాయేమో, గొడుగు దెచ్చుకో.”

కిందికి దిగేసరికి పిండి నురగ కట్టి పులిసిపోయింది. నాలుగు పడుల బియ్యం, నాలుగు నెలల పిడికిళ్లు. పారబోసే ఇల్లు కాదు గనక నాలుగు రోజుల పాటు పొద్దునా సాయంత్రం పుల్లట్లే తిన్నాం, వీధిలో వాళ్లకూ పంచాం. ఆ ఏడు మాత్రం వడియాల డబ్బా ఖాళీ. అత్తమ్మ తిడుతుందని కాచుకున్నాను. తిట్టి ఉంటే నాకు తేలిగ్గా ఉండేది. జ్వరం తగ్గిన రోజు తెల్లవారి నన్ను మిద్దె మీదికి పిలిచి పక్కన కూర్చోబెట్టుకుంది. మీరు ఏం చూసి చెప్తారో నాకూ నేర్పమని అడిగాను.

“ఏం జూసేది మే? ఊరికే జూస్తా.”

“మరి వాన సంగతి ఎట్లా తెలుస్తుందత్తమ్మా?”

“నాకేం తెలుసు. ఎన్నితూర్లు తడిపించలేదు నేను? వచ్చే ఏటినించి నువ్వే జూడు.”

అంతే, లేచి దిగిపోయింది. తప్పు చూసినదానికి చూసే పని ఎందుకు అప్పగించిందో నాకు ఆనాడూ ఈనాడూ అర్థం కాలేదు. అది శిక్షో, నమ్మకమో, పెద్దతనంలో మెట్లెక్కే బాధ తప్పించుకోవడమో! ముప్పై ఏళ్లు నేనే చూశాను. పొగకూ మబ్బుకూ తేడా కొన్నాళ్లకు కళ్లకు చిక్కింది. పొగ కింద ఒక కాలు ఉంటుంది, మబ్బు కాలు లేకుండా నిలబడుతుంది. అంతకు మించి ఇదీ విద్య అని చెప్పగలిగింది నాకేమీ దొరకలేదు. కొన్నిసార్లు నా మాట నిజమైంది, కొన్నిసార్లు కింద పరిచిన గుడ్డలతో సహా పిండి తడిసింది. ఆమె ఉన్నన్నాళ్లూ ఒప్పన్నది లేదు, తప్పన్నది లేదు.

పొగ ఇంజన్లు పోయాయి, ఆకాశం తేటపడింది అనుకునేలోపు చుట్టూ మేడలు లేచాయి. ఇప్పుడు కొడుకు ఫ్లాటులో ఉంటున్నాను. మిద్దెకు తాళం, తాళంచెవి వాచ్‌మన్ దగ్గర. బాల్కనీలో నిలబడితే రెండు మేడల సందున చాపంత ఆకాశం కనిపిస్తుంది. పొద్దున పాలు కాగేదాకా దాన్నే చూస్తూ నిలబడతాను. పొయ్యమనో వద్దనో నా మాట కోసం కాచుకున్న పిండి ఇంట్లో లేదు. పని లేనప్పుడు చూడ్డం మానెయ్యాలి, ఊరికే కూర్చునేవాళ్లను జన్మంతా విసుక్కున్నదాన్ని. మానలేకుండా ఉన్నాను. ఊరికే చూస్తానని ఆమె అన్నది దీన్నేనా, లేక వయసు మీదపడి నాకు మతి తప్పుతోందా? నాకు చూడ్డం వచ్చిందో రాలేదో చెప్పవలసిన ఆ ఒక్క మనిషీ ఇప్పుడు లేదు, ఉన్నా చెప్పేది కాదేమో.