మూడో వరసలో నిద్ర

బహ్రెయిన్‌లో నయీమ్ అనే పేటలో ఒక టైలరు షాపులో జాకెట్ల మీద నెమళ్ళు గీయడం నా ఉద్యోగం. నేను గీస్తాను, దాని మీద వేరేవాళ్ళు పూసలు కుడతారు. ఇన్నేళ్ళలో నేను గీసిన నెమళ్ళన్నీ లేచి ఎగిరితే బహ్రెయిన్‌కి ఎండ తగలదు.

జుఫైర్ నుంచి గౌన్లు సరిచేయించుకోవడానికి వచ్చే ఒక విదేశీ ఆవిడ, ఉద్యోగం అయిపోయి వెళ్ళిపోతూ, సామానంతా పంచిపెడుతూ నాకొక లావుపాటి పుస్తకం ఇచ్చింది. ఎప్పుడో రాజుల కాలంలో ఒక స్పెయిన్ చిత్రకారుడు తన ఆల్బమ్‌లలో గీసుకున్న ఆడవాళ్ళ బొమ్మలట. చీపురు పట్టుకున్నది, జుట్టు దువ్వుకుంటున్నది, మేజోడు పైకి లాక్కుంటున్నది, ఎవరినో తిట్టిపోస్తున్నది. ఒక్కతి కూడా మొహం కడుక్కుని, కుదురుగా కూర్చుని గీయించుకోలేదు. ఈ పెద్దమనిషికి వేరే పని లేదా అనుకున్నాను ముందు. రెండోసారి తిరగేస్తే, మేజోడు లాక్కునేదాని మొహంలో విసుగు అచ్చం మా చర్చి పాస్టరమ్మ గారిదే. అంతటితో నాకు నెమళ్ళ మీద మనసు విరిగిపోయింది.

ఇక్కడ సెలవు శుక్రవారం, మా తెలుగు చర్చి సంఘం ఆ రోజే కూడుతుంది. హాలు రెండు గదులంత ఉంటుంది. పాస్టరు గారు మాత్రం వంతెన దాటి సౌదీలో ఉన్నవాళ్ళకి కూడా వినపడాలన్నట్టు మైకు పట్టుకుని అరుస్తారు. ఆ మోతలో నిద్రపోగలిగిన మనిషి ఒక్కతే. రిఫాలో ఒక విల్లాలో ఇంటిపని చేసే పిల్ల, మా కోనసీమదే. మూడో వరసలో కూర్చుని, మొదటి పాట అయ్యేలోపు నోరు తెరిచేస్తుంది. వారం మొత్తం మీద ఆ పిల్లకి దొరికేది ఆ కాసేపే. అదీ పోయేలా ఉంది. వచ్చే నెల నుంచి శుక్రవారాలు చుట్టాలొస్తారు, చర్చి ఖలాస్ అందట వాళ్ళ మేడమ్.

"నువ్వేం చెప్పావే?" అని అడిగాను.

"ఏం చెబుతానక్కా. తలూపాను."

ఇంతలో కోతల పండగ వచ్చింది. బహ్రెయిన్‌లో కోసేదేముంది, ఇసకా? అయినా ఆచారం ఆచారమే. ఎవరి చేతి కష్టం వాళ్ళు తెచ్చి దేవుడికివ్వాలి, దాన్ని వేలం వేయాలి. ఒకావిడ గోంగూర పచ్చడి తెచ్చింది, ఒకాయన బాల్కనీలో కాసిన బీరకాయ తెచ్చాడు. నేను ఆ పిల్ల బొమ్మ తెచ్చాను. తల వెనక్కి వాలిపోయి, నోరు పూర్తిగా తెరుచుకుని, ఒళ్ళోంచి బైబిలు జారిపోతూ ఉంటుంది. అడక్కుండా గీశావేమిటని మీరంటారు. నిద్రపోయేదాన్ని లేపి అడిగితే ఇంకేం గీస్తాను, నా తలకాయ.

పాస్టరమ్మ గారు చూసి పమిట సవరించుకున్నారు. "ఇదేం సాక్ష్యం తల్లీ? వాక్యం చెబుతుంటే నిద్రపోవడాన్ని వేలానికి పెడతావా?"

"ఉన్నదే గీశానండి," అన్నాను.

పాస్టరు గారి మొహం మాడిపోయింది. ఆయన ప్రసంగం మీద వచ్చిన మొదటి విమర్శ అది మరి.

లేబర్ క్యాంపు నుంచి వచ్చిన తమ్ముళ్ళు వెనక వరసలో పకపకా నవ్వి వేలం పాట మొదలుపెట్టారు. బొమ్మ ధర బీరకాయని దాటిపోయింది. నాకు మహా గర్వంగా ఉంది, ఆ పిల్ల మొహం చూసేదాకా. కందిపోయి ఉంది. ఆ పిల్ల లేచి చెయ్యెత్తింది.

"నేను పాడతాను."

ఆ పైన ఎవరూ పాడలేదు. ఒకటోసారి, రెండోసారి, మూడోసారి. ఇక చింపేస్తుంది, చింపినా నోరెత్తకూడదు అనుకున్నాను. ఆ పిల్ల బొమ్మని దగ్గరగా పెట్టుకుని చూసింది. "నేనిలా నిద్రపోతానా?" అంది. చుట్టి సంచీలో పెట్టుకుని వెళ్ళిపోయింది.

తర్వాతి సంగతి ఫోనులో చెప్పింది. బొమ్మని తీసుకెళ్ళి విల్లా వంటింట్లో ఫ్రిజ్ తలుపుకి అంటించిందట. మేడమ్ చూసి కడుపుబ్బ నవ్విందట.

"చర్చికి వెళ్ళేది పడుకోడానికా, ఆ పడుకునేదేదో ఇక్కడే పడుకో అందక్కా."

"మళ్ళీ తలూపావా?"

"లేదు. ఇక్కడ పడుకోనిస్తే అక్కడెందుకు పడుకుంటాను మేడమ్ అన్నాను. నాకొచ్చిన హిందీ అంతా అయిపోయింది ఆ ఒక్క మాటకి."

"ఆవిడేమంది?"

"టీ తీసుకుని లోపలికెళ్ళిపోయింది. బొమ్మ మాత్రం తీయమనలేదు."

చుట్టాలొచ్చే నెల రానే వచ్చింది. మొదటి శుక్రవారం మూడో వరసలో ఆ కుర్చీ ఖాళీగా ఉంది. నేను గుమ్మం వైపే చూస్తూ కూర్చున్నాను, ప్రార్థనలో కళ్ళు కూడా మూయలేదు. పాట సగంలో ఉండగా వచ్చింది. చేతుల్లో ఇంకా ఉల్లిపాయ వాసన. చుట్టాలకి వండిపెట్టి వెళ్ళమందట మేడమ్. కూర్చుంది, తల వెనక్కి వాల్చింది, నోరు తెరిచింది.

పాస్టరు గారు ప్రసంగానికి లేచారు. మూడో వరస వైపు ఒకసారి చూశారు. మైకు ఆపేసి బల్ల మీద పెట్టి, మామూలు గొంతుతో మొదలుపెట్టారు.