ఎడమచేతి మెరుగు

దయ్యాల కబుర్లంటే నాకు చిరాకు. నిప్పుతో, పాదరసంతో బతికినవాణ్ణి. కంటికి కనిపించనిది ఒక పట్టాన ఒప్పుకోను. అందుకే ఈ సంగతి ఇన్నేళ్ళూ ఎవరికీ చెప్పలేదు.

బస్తర్‌లో ఇంకా రాజుగారి పాలన సాగుతున్న రోజులు. భోపాలపట్నంలో మా అన్నా నేనూ రాగి సామాన్లకు బంగారు పూత వేసేవాళ్ళం. పాదరసంలో కలిపిన బంగారం పూసి కాలిస్తే పూత మసకగా దిగుతుంది. కుంకుడు నురుగుతో తడుపుతూ మెరుగురాయితో రుద్దితేనే అద్దమవుతుంది. ఒక వస్తువు మీద మొదటినుంచి చివరిదాకా ఒకే చెయ్యి పడాలి. చెయ్యి మారితే గీతల వాలు మారి వెలుగు విరిగినట్టు కనిపిస్తుంది. మా అన్నది ఎడమచేతి వాటం. అతని గీతలు ఎడమకు వాలేవి, నావి కుడికి.

ఏళ్ళ తరబడి పాదరసం పొగ పీల్చి అన్న చేతులకు వణుకు పట్టింది. ఒకసారి దొరగారి పూజపళ్ళెం రుద్దుతుంటే రాయి జారింది. అంగట్లో నలుగురున్నారు. నాకు ఒళ్ళు మండింది.

"ఇగ చాల్లే అన్నా, ఖరాబ్ చేస్తున్నవ్" అని పళ్ళెం లాక్కున్నాను.

"ఈ ఒక్కటి చెయ్యనియ్‌రా తమ్ముడూ."

ఇవ్వలేదు. రెండు రోజులు కూర్చుని అతని గీతలన్నీ నా గీతలతో కప్పేశాను. అన్న గోడకు ఆనుకుని చూస్తూ ఉండిపోయాడు. అన్నం కూడా సరిగా తినలేదు. మూడోనాడు పొద్దున లేవలేదు.

పోయినవాడి మెరుగురాయి చేతిలో పెట్టి సాగనంపడం మా ఆచారం. అలాగే ఇంద్రావతి ఒడ్డున దహనం చేసి, స్నానం చేసి మధ్యాహ్నానికి తిరిగొచ్చాను. అంగడి తాళంచెవీ, నా రాయీ నా మొలలోనే ఉన్నాయి. ఊళ్ళో ఈ పని తెలిసినవాడు మరొకడు లేడు.

తాళం తీసి పళ్ళెం ఎత్తి చూశాను. గీతలన్నీ ఎడమకు వాలి ఉన్నాయి. ఎక్కడా వణుకు లేదు.

వదినను పిలిచి చూపించాను. నేను కప్పేసిన సంగతి ఆమెకు తెలియదు. పళ్ళెం ఎండకు పట్టి, "ఇది మీ అన్న చెయ్యే గదా మరిదీ! గంత వణుకుల ఇంత మంచిగ ఎట్ల చేసిండు?" అని ఏడ్చింది.

పళ్ళెం దొరగారింటికి పంపేశాను. అదెలా జరిగిందో ఇప్పటికీ చెప్పలేను. అన్న నన్ను క్షమించి, పని పూర్తిచేసి వెళ్ళాడని అనుకోవాలని ఉంటుంది. కానీ నేను పెట్టిన గీత ఒక్కటి కూడా అతను మిగల్చలేదు.