పసుపు కడియం

హైమ ఏ సీగల్ పక్షిని చూసినా ముందు వంగి దాని కాళ్ళు చూస్తుంది. బస్టాపులోనైనా, లండన్ శివారు హేస్‌లో తాముండే చోటి సూపర్‌మార్కెట్ కార్‌పార్కులోనైనా, చేతిలో సంచులు కింద పెట్టి మరీ వంగుతుంది.

అది కూతురు సిరి నేర్పిన అలవాటు. సిరి చదువులో భాగంగా స్కాట్లండ్‌లో, ఎత్తైన కొండల మీది ఒక చెరువు దగ్గర రెండు వేసవులు గడిపింది. అక్కడ గుడ్లు పెట్టే సీగల్స్‌ని పట్టి, కాలికి అక్షరాలున్న పసుపు కడియం తొడిగి వదిలేది. చలికాలం అవి దక్షిణానికి దిగుతాయి.

"మమ్, హేస్‌కి కూడా వస్తాయి. చెక్ ద లెగ్స్. యెల్లో రింగ్ ఉంటే నాదే" అనేది.

"మీ అమ్మ ఇక నా కాళ్ళు కూడా వెతుకుతుంది" అని నవ్వేవాడు తండ్రి రఘు.

కిందటి జూన్‌లో ఆ చెరువు నుంచి తిరిగి వస్తూ సిరి ఎక్కిన వ్యాను లోయలో పడింది. ఆమెకి ఇరవై రెండేళ్ళు.

పెళ్ళికాని పిల్లకి తద్దినం అక్కర్లేదన్నారు పంతులుగారు. హైమ మనసు ఊరుకోలేదు. నెలనెలా అదే తిథికి పెరటిగోడ మీద అన్నం ముద్ద పెట్టసాగింది.

"కాకి ముడితేనే పిల్లకి అందినట్టు. ఇంకేదీ ముట్టకుండా చూసుకో అమ్మాయ్" అంది పక్కింటి సత్యమ్మ ఆంటీ.

జనవరిలో ముద్ద పెట్టిన రోజు కాకి వెనకింటి పొగగొట్టం మీదే కూర్చుంది. హైమ కళ్ళన్నీ దాని మీదే. ఇంతలో ఒక సీగల్ గోడ మీద వాలింది.

"ఛీ, పో! నీక్కాదు!" చేతిలో గరిటె విసిరింది.

పక్షి లేచింది. గాలిలో దాని కాళ్ళు వేలాడాయి. ఎడమ కాలికి పసుపు కడియం. దాని మీద 'టి' ఒక్కటే చదవగలిగింది. తరవాత ఇళ్ళ కప్పులు, ఆకాశం.

రఘు వచ్చేసరికి ఆమె చెప్పుల్లేకుండా రోడ్డు మీద నిలబడి ఉంది.

"ఏమైందే?"

"సిరిది వచ్చిందండీ. నేను కొట్టాను."

"తగిలిందా?"

"లేదు. వెళ్ళిపోయింది."

"మళ్ళీ వస్తుందిలే."

"దానికేం తెలుసండీ, ఇది సిరి వాళ్ళిల్లని?"

కాసేపటికి కాకి దిగి ముద్ద తినిపోయింది. హైమ అటు చూడలేదు.

మర్నాడు ఆమె షిఫ్టుకి వెళ్ళలేదు. కడియమున్న పక్షి కనబడితే నింపమని సిరి ఎప్పుడో పంపిన ఫారం ఫోన్లో తెరిచింది. అక్షరాల గడిలో 'టి' రాసి, మిగతాది ఖాళీగా వదిలింది. చోటు, హేస్. పక్షి ఏం చేస్తోంది అన్న గడి దగ్గర చాలాసేపు ఆగింది. అన్నానికి వచ్చింది, నేనే తోలేశాను, అని తెలుగులోనే రాసి పంపింది.