జరీ పోగుల ఎర

దెయ్యాలంటే నాకెప్పుడూ నమ్మకం లేదు. బతికున్నవాళ్ళే ఫోన్ చేస్తే ఎత్తని ఈ రోజుల్లో, పోయినవాళ్ళు పనిగట్టుకుని మన కోసం వస్తారంటే ఎలా నమ్మేది? ఇప్పుడైనా నమ్మకం కుదిరిందని చెప్పను. జరిగింది మాత్రం చెబుతాను.

రెండువేల పన్నెండు ప్రాంతంలో ఉద్యోగం కోసం విస్కాన్సిన్‌లో ఒక చిన్న ఊళ్ళో ఉండేవాణ్ణి. అక్కడ తెలుగువాళ్ళం ఇద్దరమే. రెండోవారు కృష్ణవేణి ఆంటీ, రిటైరైన మత్తు డాక్టరు. ఒక్కరే ఉండేవారు. చలికాలంలో సరస్సు గడ్డకట్టాక శనివారాలు మంచుకి కన్నం పెట్టి, బకెట్ బోర్లించి కూర్చుని పెర్చ్ చేపలు పట్టేవారు. పసుపు ఒంటి మీద నల్ల చారలుండే చిన్న చేపలవి. రెండో బకెట్ మీద నేను.

చోద్యమేమిటంటే ఆవిడ శుద్ధ శాకాహారి. అడిగితే, "పట్టడం నా వంతు, వేయించుకుని పాపం మూటగట్టుకోవడం నీ వంతు" అనేవారు.

షాపులో ఎరలు ఆవిడకి నచ్చవు. పాత పట్టుచీరల అంచుల్లోంచి జరీ పోగులు లాగి, చిన్న కొక్కేనికి చుట్టేవారు. దాన్ని గాలం దారానికి కట్టడానికి మల్లెపూల మాల కట్టే ముడి వేసేవారు. నాకూ నేర్పబోయారు కానీ నా వేళ్ళకి పట్టుబడలేదు. నా ఎరలు కూడా ఆవిడే కట్టిచ్చేవారు.

"అలా గుంజుతావేంరా? చేపేమన్నా నీ మేనేజరా, పని చేస్తున్నట్టు కనపడ్డానికి? కదలకుండా కూర్చో."

"కదలకపోతే గడ్డకట్టుకుపోతాను ఆంటీ."

"మంచిదే. అప్పుడైనా నోరు మూస్తావు."

వారం మొత్తంలో నేను తెలుగు మాట్లాడేది ఆ కాసేపే.

ఆ మరుసటి డిసెంబర్‌లో ఆంటీ పోయారు. నేనప్పుడు ఆఫీస్ పని మీద జెర్సీ సిటీలో ఉన్నాను. తుఫానుకి ఫ్లైట్లు ఆగిపోయాయి. తిరిగొచ్చేసరికి అంతా అయిపోయింది. బాతెల్ అనే ఊరి నుంచి వచ్చిన ఆవిడ కూతురు శైలజగారు ఎరల డబ్బా నా చేతిలో పెట్టి వెళ్ళిపోయారు.

ఆ చలికాలమంతా ఒక్కణ్ణే వెళ్ళాను. ఆవిడ కట్టి ఉంచినవి కొన్ని మంచు అంచుకి తెగాయి, కొన్ని చేపలు పట్టుకుపోయాయి. చివరికి మెరూన్ రంగుది ఒక్కటి మిగిలింది. అది పోతే ఆవిడ చేతిది నా దగ్గర ఇంకేమీ ఉండదు. దాచుకుందామని డ్రాయర్‌లో పెట్టి చూశాను. ఆవిడ నిజంగానే పోయినట్టనిపించింది. మళ్ళీ బయటికి తీశాను.

ఒక మధ్యాహ్నం దాన్ని పైక్ చేప కొరుక్కుపోయింది. పైక్‌కి పళ్ళుంటాయి, సెంటిమెంట్లుండవు. తెగిన దారం పట్టుకుని కూర్చున్నాను. ఏడవలేదు. ఆ చలిలో కన్నీళ్ళు కూడా గడ్డకడతాయి, మళ్ళీ గోక్కోవాలి.

అంతలో రెండో కన్నంలో వేసిన గాలం వంగింది. దానికి పొద్దున్నే షాపులో కొన్న ప్లాస్టిక్ చేపపిల్లని నేనే కట్టాను. లాగితే పెర్చ్ వచ్చింది. నోట్లో ప్లాస్టిక్ లేదు. చిలకాకుపచ్చ పోగు, ముదురు పసుపు రంగు జరీ ఉన్నాయి. అలాంటి ఎర డబ్బాలో ఎప్పుడూ లేదు. అది నా దారానికే కట్టి ఉంది. మాల ముడితో.

చుట్టూ చూశాను. ఎండలో సరస్సంతా తెల్లగా, ఖాళీగా ఉంది. రాత్రి కురిసిన మంచు మీద నా అడుగులు తప్ప వేరే అడుగులు లేవు.

ఇంటికొచ్చి చేపని వేయించుకున్నాను. భయం భయమే, ఆకలి ఆకలే. తర్వాత ఎర ఫోటో శైలజగారికి పంపి, ఇది అమ్మగారి ఏ చీరదండీ అని అడిగాను. వెంటనే ఫోన్ చేశారు.

"ఇదెక్కడిది నీకు?"

"డబ్బాలోదే అనుకుంటానండీ." భయపెట్టడం ఇష్టం లేక అబద్ధమాడాను.

"కాదు. ఆ శారీ నేనే ఇక్కణ్ణుంచి తెచ్చాను, బర్త్‌డేకి ఇద్దామని. అమ్మ అసలు చూడనే లేదు. ఫ్యూనరల్ రోజే ఓపెన్ చేశాం, తనకి కట్టడానికి."



"చేప పడిందా?" అన్నారు చివరికి.

"పడిందండీ."

ఆవిడ నవ్వారో ఏడ్చారో తెలియలేదు. ఫోన్ పెట్టేశారు.

చిలకాకుపచ్చ చీరలు లోకంలో బోలెడుంటాయి. చలికి వేళ్ళతో పాటు బుర్ర కూడా మొద్దుబారి నేనే ఏదో కట్టానని సర్దిచెప్పుకోవచ్చు. కానీ ఆ ముడి నాకు రాదు. ఎన్నిసార్లు ప్రయత్నించినా ఇప్పటికీ రాలేదు. ఇంతకు మించి నాకేమీ తెలియదు.

తరువాతి శనివారం మళ్ళీ వెళ్ళాను. ఆ ఎరని జేబులో పెట్టుకుని, రెండు గాలాలకీ ప్లాస్టిక్‌వే కట్టాను. ఇంకోటి వస్తుందేమోనని భయం. రాదేమోనని అంతకంటే పెద్ద భయం. పొద్దు వాలేదాకా కూర్చుని గాలాలు పైకి లాగాను. ప్లాస్టిక్ ప్లాస్టిక్‌గానే వచ్చింది.

హమ్మయ్య అనుకోవాలి కదా. అనుకోలేకపోయాను.